మోషే చేసిన పామును హిజ్కియా ఎందుకు విరగ్గొట్టాడు?

రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయం 4వ వచనంలో యూదా రాజు హిజ్కియా చేసిన సంస్కరణల పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఉన్నత స్థలాలను తీసివేశాడు, విగ్రహస్తంభాలను పగులగొట్టాడు, దేవతాస్తంభాన్ని నరికించాడు. అవి చాలామట్టుకు కనాను దేవతల ఆరాధనకు సంబంధించినవి గనుక ఇంతవరకు చదివినవారికి ఆశ్చర్యమేమీ కలగదు. అయితే అదే వచనంలో, అదే ఊపులో, మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని కూడా ఆయన తునకలు చేశాడని ఉంది. ఆ పామును కనానీయుల దేవత బయలుకు చెందిన పూజారులెవరూ తెచ్చిపెట్టలేదు. దాన్ని చేయమని ఆజ్ఞాపించింది యెహోవా, పోత పోసింది మోషే, దాన్ని చూసి బ్రతికింది ఇశ్రాయేలీయుల పూర్వీకులే. ఆలయ చరిత్రలో అంతటి పవిత్రమైన జ్ఞాపిక మరొకటి చెప్పమంటే దేవుని ఆజ్ఞల రాతిపలకలుంచిన పెట్టె, అంటే నిబంధన మందసం తప్ప వేరే గుర్తుకు రాదు. దాన్నే హిజ్కియా పగులగొట్టించాడు, గ్రంథకర్త ఆ పనిని మెచ్చుకుంటూ రాశాడు.

ఆశీర్వాదాన్ని నమ్ముకుని ఆశీర్వదించినవాణ్ణి మరిచిపోవడం గురించి మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. కాని వాటిలో చాలామట్టుకు ధనాశ దగ్గరే మొదలై ధనాశ దగ్గరే ముగుస్తాయి. డబ్బు మీద నమ్మకం పెట్టుకోవడం తప్పని తెలియని విశ్వాసి ఎవరూ ఉండరు. తెలిసిన ప్రమాదం సగం ప్రమాదమే. అసలు చిక్కు దేవుడు నిజంగా ఇచ్చినవాటితో, ఇచ్చాడని సాక్ష్యం చెప్పగలిగినవాటితో వస్తుంది. ఇత్తడి సర్పం అలాంటిది.

సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో ఆ పాము పుట్టుక ఉంది. ఎదోము దేశం చుట్టూ తిరిగి నడవలేక విసిగిపోయిన జనం దేవుని మీద, మోషే మీద సణిగారు. నీళ్లు లేవన్నారు, చవీసారమూ లేని ఈ అన్నం మాకు అసహ్యమన్నారు. ఆ అన్నం మన్నా, ప్రతి ఉదయం గుడారాల చుట్టూ కురిసిన ఆశీర్వాదం. అంటే ఇచ్చినదాన్ని ఈసడించుకోవడంతో కథ మొదలై, ఇచ్చినదానికి ధూపం వేయడంతో ముగిసిందన్నమాట. రెండు కొసల్లోనూ మరుగున పడినవాడు ఒక్కడే. తాపకరమైన సర్పాలు కరిచి అనేకులు చనిపోయినప్పుడు, స్తంభం మీద ఎత్తిన ఇత్తడి సర్పాన్ని నిదానించి చూసినవాడు బ్రతికాడు. ముట్టుకోవాలని లేదు, అరగదీసి కాటు మీద పూయాలని లేదు, దానికేదీ అర్పించాలని లేదు. ఆ లోహానికి ఏ పనీ అప్పగించలేదు. దేవుడు చూడమన్నాడు, చూశారు, అంతే.

ఆ తర్వాత వందల ఏళ్లపాటు లేఖనాల్లో ఆ పాము ఊసే లేదు. హిజ్కియా కాలం వచ్చేసరికి దాని ముందు ధూపం లేస్తోంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు గాని ఊహించడం పెద్ద కష్టం కాదు. పారవేయడానికి ఎవరికీ చేతులు రాలేదు; ప్రాణం నిలిపినదాన్ని ఎవరు పారవేస్తారు? దాచుకున్నారు. దాచినదాన్ని పిల్లలకు చూపించారు, చూపించడానికి ఒక చోటు కావాలి గనుక ఒక చోట నిలబెట్టారు. నిలబెట్టిన చోటికి జబ్బు చేసినవాళ్లు రావడం మొదలై ఉంటుంది. ఏ ఒక్క మెట్టు దగ్గరా ఇక్కడ విగ్రహారాధన మొదలైందని వేలెత్తి చూపలేము. ఏరు దాటాక ఓడ మల్లయ్య బోడి మల్లయ్య అవుతాడని సామెత. ఇక్కడ జరిగింది దానికి తిరగబడిన సంగతి, మల్లయ్యను రేవులోనే వదిలేసి ఓడను నెత్తిన పెట్టుకుని ఊరేగారు.

దాని పేరు నెహుష్టాను. హీబ్రూలో నహాష్ అంటే పాము, నెహోషెత్ అంటే ఇత్తడి లేదా రాగి. ఈ రెండు మాటలూ ఆ పేరులో కలిసి వినిపిస్తాయి. ఆ పేరు పెట్టింది ప్రజలా రాజా అన్నది మూలంలోని క్రియాపదం తేల్చి చెప్పదు, అనువాదకులు రెండు విధాలుగానూ చేశారు. ప్రజలే పెట్టుకుని ఉంటే అది భక్తితో పిలుచుకున్న పేరు. రాజు పెట్టి ఉంటే, ఇది ఉత్త ఇత్తడి ముక్క అని తేల్చిపారేసిన మాట. నాకు రెండో అర్థం మీదే మొగ్గు ఉన్నా, మొదటిది కూడా అంతే భయం పుట్టిస్తుంది: దేవుడు పేరు పెట్టని వస్తువుకు మనుషులు ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఇలాంటిదే మరో కథ మొదటి సమూయేలు గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది, అది ఇంకా కరకుగా ఉంటుంది. ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో, ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. మొదటి యుద్ధంలో ఇశ్రాయేలీయులు దాదాపు 4,000 మందిని పోగొట్టుకున్నారు. పాళెములోకి తిరిగి వచ్చిన పెద్దలు అడిగిన ప్రశ్న నిజానికి సరైనదే: యెహోవా ఈ రోజు మనల్ని ఎందుకు ఓడిపోనిచ్చాడు? అయితే ప్రశ్న అడిగినవారు జవాబు కోసం ఆగలేదు. దేవుని వాక్కు ప్రవక్త సమూయేలుకు వస్తోందని దేశమంతటికీ తెలిసిన రోజులవి, కాని అతణ్ణి పిలిపించలేదు. షిలోహు నుంచి మందసాన్ని తెప్పిద్దాం, మన మధ్య ఉంటే శత్రువుల చేతిలోనుంచి మనల్ని రక్షిస్తుంది అని తీర్మానించారు.

రక్షిస్తుందా, రక్షిస్తాడా? తెలుగులో ఈ వాక్యం రాసేవాడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. మన క్రియాపదానికి ఆ సౌకర్యం లేదు. హీబ్రూలో మందసం పుంలింగం గనుక ఒకే క్రియ యెహోవాకూ పెట్టెకూ సరిపోతుంది. అంటే ఆ పెద్దలు పలికిన వాక్యంలో దేవుడెక్కడ ఆగాడో పెట్టె ఎక్కడ మొదలైందో చెప్పలేము. బహుశా వారికీ తెలిసి ఉండదు. ఆశీర్వాదం దేవుని చోటును ఆక్రమించేది ఇలాగే, ఎదిరింపుగా కాదు, వ్యాకరణంలోని సందిగ్ధంగా. మాటలు పాతవే ఉంటాయి, ప్రార్థన పాతదే ఉంటుంది, వాక్యానికి కర్త మాత్రం మారిపోతాడు.

మందసం పాళెములోకి వచ్చినప్పుడు భూమి అదిరేలా కేకలు వేశారని రాసి ఉంది. ఆ కేకలు విని ఫిలిష్తీయులు, దేవుడు వారి పాళెములోకి వచ్చాడని బెదిరిపోయారు. జాగ్రత్తగా చదివితే ఇక్కడ ఒక చేదు హాస్యం ఉంది: ఆ రోజు రెండు పాళెములదీ ఒకే నమ్మకం. పెట్టె వచ్చింది గనుక దేవుడు వచ్చాడని అన్యజనులు ఎలా అనుకున్నారో నిబంధన ప్రజలూ సరిగ్గా అలాగే అనుకున్నారు. ఫలితంగా 30,000 మంది కాల్బలం కూలింది, మందసంతో వచ్చిన యాజకుడు ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు చచ్చారు, మందసం శత్రువుల పాలైంది. ఆ వార్త విని 98 ఏళ్ల ఏలీ పీఠం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. ఆ తర్వాతి అధ్యాయం ఇంకా ఆలోచింపజేస్తుంది. మందసాన్ని యుద్ధానికి తోడుకుని వెళ్లినవారు ఓడిపోయారు. ఫిలిష్తీయుల పట్టణం అష్డోదులో, ఒక్క ఇశ్రాయేలీయుడూ పక్కన లేని చోట, వారి దేవత దాగోను విగ్రహం దానిముందు బోర్లా పడి ఉంది. దేవుడు బలహీనుడై ఓడిపోలేదు, ఆయుధంగా వాడుకోనివ్వలేదు.

ఇప్పుడు మళ్లీ హిజ్కియా దగ్గరికి రావాలి, ఎందుకంటే పామును విరగ్గొట్టిన ఈ రాజు కాలంలోనే మరో పాముకు పోత పోయడం మొదలైంది, అదీ అతని తప్పు లేకుండానే. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చాడు. యూదా పట్టణం లాకీషు పడిపోయింది, ఆ ముట్టడిని అతడు తన అంతఃపురం గోడల మీద చెక్కించుకున్న రాతి ఫలకాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రాకారాలున్న 46 పట్టణాలను పట్టుకున్నాననీ, హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పక్షిలా బంధించాననీ అతని శాసనం చెబుతుంది. బంధించానన్నాడే గాని పట్టణాన్ని పట్టుకున్నానని అనలేదు. యెరూషలేము నిలిచింది.

ఆ రోజు హిజ్కియా చేసిన పనిని దగ్గరగా చూడాలి. బెదిరింపు ఉత్తరం చేతికి వచ్చింది. చదివి, మందిరంలోకి వెళ్లి, యెహోవా సన్నిధిలో ఆ ఉత్తరాన్ని విప్పి పరిచాడు. మందిరం ఉంది గనుక మనకేమీ కాదని అనలేదు. అష్షూరు రాజులు ఇతర దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు, ఆ దేశాల దేవతలు కర్రా రాయీ గనుకనే కాలిపోయాయన్నాడు, ఆపైన రక్షించమని అడిగాడు. అతనికి ఆ మందిరం ఉత్తరం పరచుకునే చోటు మాత్రమే. జవాబు ప్రవక్త యెషయా ద్వారా వచ్చింది: నా నిమిత్తమూ నా సేవకుడైన దావీదు నిమిత్తమూ ఈ పట్టణాన్ని కాపాడుతాను.

దాదాపు 90 ఏళ్ల తర్వాత, యూదా రాజు యెహోయాకీము ఏలుబడి మొదట్లో, అదే మందిరపు ద్వారం దగ్గర నిలబడి ప్రవక్త యిర్మీయా ప్రకటించాడు. లోపలికి వెళ్తున్న భక్తుల నోట అప్పటికి ఒక మాట మంత్రంలా ఆడుతోంది: ఈ స్థలము యెహోవా ఆలయము. యిర్మీయా ఆ మాటను మూడుసార్లు వరుసగా పలికి, ఇవి మోసకరమైన మాటలు, వీటిని నమ్ముకోవద్దన్నాడు. ఆలోచిస్తే అందులో ఒక్క అబద్ధమూ లేదు. అది యెహోవా ఆలయమే. ప్రజల నమ్మకానికి ఆధారాలూ ఉన్నాయి: అష్షూరు సైన్యం వెనుదిరిగిన చరిత్ర ఉంది, యెషయా ప్రవచనం ఉంది, తాతలు కళ్లారా చూసిన సాక్ష్యం ఉంది. నిజాలన్నీ కలిపి కుట్టిన అబద్ధం అది. వారు దొంగిలించి, నరహత్య చేసి, వ్యభిచరించి, అబద్ధసాక్ష్యం పలికి, పరదేశినీ తండ్రిలేనివారినీ విధవరాండ్రనూ బాధించి, ఆపైన ఈ మందిరంలో నిలబడి మేము విడుదల పొందామంటున్నారని యిర్మీయా ఆరోపణ. దేవుణ్ణి నమ్మినవాడికి దేవుని మాట వినవలసి వస్తుంది; ఆలయాన్ని నమ్మినవాడికి ఆ బాధ లేదు, ఆలయం ఎవరినీ ఏమీ అడగదు. ఆశీర్వాదం మీద నమ్మకం అంత సుఖంగా ఉండడానికి కారణం ఇదే, అందులోని ఆత్మీయ ప్రమాదమూ ఇదే.

షిలోహుకు వెళ్లి చూడండి, మొదట నా నామాన్ని నిలిపిన ఆ చోటికి నేనేం చేశానో చూడండి అని యిర్మీయా ద్వారా దేవుడు అన్నాడు. షిలోహు అంటే ఏలీ కూర్చున్న పీఠం, మందసం బయలుదేరిన గుడారం. ఆ ఒక్క పేరు వినగానే యాజకులూ ప్రవక్తలూ యిర్మీయాను పట్టుకుని, నువ్వు చావవలసిందేనన్నారు.

మన ఇళ్లలోకి వస్తే, తెలుగు విశ్వాసులకు డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పన్నెండు దాటాక వరుసలో నిలబడి కుటుంబానికొక వాగ్దానపు కార్డు తీసుకుంటాము. మా ఇంట్లో అమ్మ పాత కార్డులను పారవేయదు. షోకేసు అద్దానికి లోపలివైపు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి, అడుగున ఉన్నవాటి జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాల మీదికి దిగింది. మంచి కార్డు వచ్చిన ఏడాది ఆమె ముఖం వెలిగేది, గద్దింపు ధ్వనించే వాక్యం వస్తే మరొకటి తీసుకోవచ్చా అన్నట్టు పాస్టరుగారి వైపు చూసేది. ఇందులో నవ్వవలసింది లేదు. వాక్యాన్ని ఇంటి గోడ మీద పెట్టుకోవడం మంచి అలవాటే. అయితే ఏడాది గడిచేకొద్దీ ఆ కార్డు ఏ పని చేస్తోందో చూసుకోవాలి: మాట ఇచ్చినవాణ్ణి గుర్తుచేస్తోందా, లేక ఆయనతో పని లేకుండానే ధైర్యం ఇస్తోందా?

ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వాక్యాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి. మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే మాట. కార్డులో పట్టని సంగతేమిటంటే, దాని పై వచనంలోనే 70 సంవత్సరాల లెక్క ఉంది. ఆ ఉత్తరం అందుకున్నది బబులోనుకు చెరపోయిన జనం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని వారికి చెప్పాడు. చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. దీనికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయని మందిరంలోనే అందరి ముందూ ప్రకటించి, బబులోనుకు లోబడాలనే సూచనగా యిర్మీయా మెడ మీద మోస్తున్న కాడిని తీసి విరిచేశాడు. ఆ సభలో ఆమేన్ చెప్పనివారు ఎవరుంటారు? యిర్మీయా కూడా ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆ తర్వాత, అది నిజం కాదని చెప్పాడు. హనన్యా ఆ ఏడాదే ఏడో నెలలో చనిపోయాడు. రెండేళ్ల ప్రవచనానికీ 70 ఏళ్ల ప్రవచనానికీ తేడా కాలపరిమాణంలో లేదు. మొదటిది వస్తువులు తిరిగి వస్తాయని చెబుతుంది. రెండోది, వస్తువులు లేని చోట కూడా మీరు నన్ను వెదికితే దొరుకుతానని చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆశీర్వాదాలను కోరుకోవద్దు అని నీతులు చెప్పేవారు తరచుగా కడుపు నిండినవారే అయి ఉంటారు. రోజు కూలీ మీద బ్రతికే ఇల్లు వాన కోసం, బియ్యం కోసం, పిల్లవాడి ఫీజు కోసం మోకరిస్తే దాన్ని ఆశీర్వాదాల వెంట పరుగని తీర్పు తీర్చే అధికారం ఎవరికీ లేదు. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం అలా తీర్పు తీర్చదు కూడా. అక్కడ మోషే మంచి దేశాన్ని నోరూరేలా వర్ణిస్తాడు: గోధుమలు, యవలు, ద్రాక్షచెట్లు, అంజూరపు చెట్లు, దానిమ్మలు, ఒలీవ నూనె, తేనె. తిని తృప్తి పొంది యెహోవాను స్తుతించమంటాడు. హెచ్చరిక ఆ తర్వాత వస్తుంది, అదీ లేమి గురించి కాదు, తృప్తి గురించి. తిన్నాక, మంచి ఇళ్లు కట్టుకున్నాక, వెండి బంగారాలు విస్తరించాక, నా సామర్థ్యమే నా బాహుబలమే ఇంత సంపాదించిందని నీ హృదయంలో అనుకుంటావేమో చూసుకో అంటాడు. నోటితో అంటావని కాదు. నోరు అప్పటికీ స్తోత్రమే చెబుతూ ఉండవచ్చు.

అందుకే ఈ విషయంలో అన్నిటికన్నా లోతైన ప్రశ్న వేసింది ప్రవక్త కాదు, అపవాది అయిన సాతాను. యోబు ఊరకనే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా? ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు, చుట్టూ కంచె. ఇన్ని ఉన్నవాడి భక్తి దేవుని మీద భక్తేనని ఎలా తెలుస్తుంది? ప్రశ్న అడిగినవాడు చెడ్డవాడైనా ప్రశ్న చెడ్డది కాదు, దేవుడు దాన్ని కొట్టిపారేయలేదు కూడా. ఆశీర్వాదం చేతిలో ఉన్నంతకాలం ఈ రెండు నమ్మకాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి, అదే గుడి, అదే పాట, అదే కన్నీళ్లు. లోపలున్నవాడికి కూడా తేడా తెలియకపోవచ్చు.

హిజ్కియాకు తెలియలేదు. మరణకరమైన రోగం వచ్చినప్పుడు గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు కలిపాడు, సూచనగా నీడ పది మెట్లు వెనక్కి నడిచింది. బబులోను రాజు మెరోదక్బలదాను రాయబారులను పంపాడు. దేశంలో జరిగిన ఆ అద్భుతం సంగతి విచారించడానికే వారు వచ్చారని రెండవ దినవృత్తాంతాల గ్రంథం 32వ అధ్యాయం చెబుతుంది. అంటే దూరదేశపు మనుషులు దేవుడు చేసినదాన్ని గురించి అడుగుతూ గుమ్మంలోకి వచ్చారు. అలాంటి అవకాశం ఎందరికి దొరుకుతుంది? హిజ్కియా వారిని కొట్టులోకి తీసుకెళ్లాడు. వెండి చూపించాడు, బంగారం చూపించాడు, సుగంధద్రవ్యాలు, పరిమళ తైలం, ఆయుధశాల, అన్నీ తలుపులు తీసి చూపించాడు.

యెషయా వచ్చి, వారు నీ ఇంట్లో ఏమేమి చూశారని అడిగాడు. నా కొట్లలో వారికి చూపించనిది ఒక్కటీ లేదన్నాడు రాజు. ఇవన్నీ ఒక రోజున బబులోనుకు వెళ్లిపోతాయి, ఏమీ మిగలదు, నీ కుమారుల్లో కొందరు అక్కడి రాజు నగరులో నపుంసకులవుతారు అన్నాడు యెషయా. పామును విరిచిన చేతులున్న మనిషి, ఉత్తరాన్ని పరిచిన చేతులున్న మనిషి, ఆ మాట విని, యెహోవా మాట మంచిదే, నా దినాల్లో సమాధానం ఉంటే చాలు కదా అన్నాడు. దేవుని కన్నా, పిల్లల కన్నా, కలిపి ఇచ్చిన ఆ 15 ఏళ్లే అప్పటికి అతనికి దగ్గరయ్యాయి.

క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టింది. మందిరం ముందు సొలొమోను నిలిపిన రెండు ఇత్తడి స్తంభాలుండేవి, ఒక్కొక్కటి 18 మూరల ఎత్తు, పైన దానిమ్మపండ్ల అల్లికతో. వాటికి యాకీను, బోయజు అని పేర్లు. వాటినీ, ఇత్తడి సముద్రమని పిలిచే పెద్ద నీళ్ల తొట్టినీ కల్దీయులు, అంటే బబులోనువారు, తునకలుగా కొట్టి ఆ ఇత్తడిని బబులోనుకు మోసుకుపోయారు. దాని బరువు తూచడానికి వీలు కాలేదని రాజుల గ్రంథం చివరి అధ్యాయం చెబుతుంది.